మైనం మారిన శుక్రవారం

ఒమాన్‌లో పదిహేడేళ్ళు పనిచేసి వచ్చానంటే, అక్కడ ఏం వండేదానివి అని మొదట అడుగుతారు. అన్నం వండేదాన్ని, చేపలు వండేదాన్ని, ఇల్లు తుడిచేదాన్ని. అంతా నిజమే. ఇంకో పని కూడా చేసేదాన్ని. పెద్దాయన ఇంట్లో పోతపోసిన సీసం తూటాలకు మైనం పట్టించేదాన్ని. ఈ మాట చెబితే మా వీధి పిల్లలు నన్ను ఎగాదిగా చూసి, ముసలామెకు అక్కడి ఎండ ఇంకా దిగలేదనుకుంటారు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. పాస్‌పోర్టు చేయించుకుని ఏజెంటు చుట్టూ తిరుగుతున్న ఆడపిల్లలు నలుగురు చదివితే చాలు. తుపాకుల సంగతి మీకు అక్కరలేదు. మీ మీద పడిన మాటను ఎలా దులుపుకోవాలో ఎప్పుడైనా అక్కరకొస్తుంది.

నేను బడి ముఖం చూసినదాన్ని కాదు. కడప జిల్లాలో ఊరూరా తిరిగి గాజులమ్మే మా అబ్బా, అంటే నాన్న, గాజుల పెట్టె మూత మీద సుద్దముక్కతో నాకు అక్షరాలు దిద్దించాడు. ఒక పక్క ఉర్దూ, ఒక పక్క తెలుగు. తడిగుడ్డతో తుడిస్తే పలక, మూసేస్తే మళ్ళీ పెట్టె. ఆయన ఋణం నేను తీర్చలేను. అల్లా దయవల్ల ఆ రెండు భాషలే పరాయి దేశంలో నాకు అన్నం పెట్టాయి.

నిజ్వాకు అరగంట దూరంలో, కొండను ఆనుకున్న ఊళ్ళో ఆ ఇల్లు. పెద్దాయన సైన్యంలో పనిచేసి దిగినవాడు. అక్కడ బలూచీ సిపాయిలతో కలిసి ఉండి ఉర్దూ నేర్చుకున్నాడు. ఉర్దూ వచ్చిన మనిషి కావాలని నన్ను తెప్పించుకున్నారు. ఆయన్ని బాబా అని, ఆయన భార్యను మామా అని పిలవాలన్నారు. బాబా సరే. ఆడమనిషిని మామా అని పిలవడానికి వారం రోజులు నోరు తిరగలేదు. మన వైపు మామ అంటే మీసాలుంటాయి కదా.

బాబాకు తాతల నాటి పొడుగు తుపాకీ ఒకటి ఉండేది. దానికీ, దాని తూటాలు ఇంట్లో పోసుకోవడానికీ సర్కారు ఇచ్చిన కాగితాలను అద్దం కట్టించి గోడకు పెట్టుకున్నాడు. వేట లేదు, పాడు లేదు. కొండ కింద గురి కొట్టే మైదానంలో, పక్క ఊరితో ఏటా ఒకసారి జరిగే పోటీ కోసమే ఆ ఆరాటమంతా.

పని గురించి ఒక్క ముక్క చెప్పాలి, లేకపోతే తర్వాతది అర్థం కాదు. అచ్చులోంచి తీసిన తూటాను చేతి ప్రెస్సులో పెట్టి, ఉక్కు కన్నంలోంచి నొక్కితే సరైన సైజుకు వస్తుంది. నొక్కేటప్పుడే ప్రెస్సు కడుపులో ఉన్న మైనం, తూటా నడుము చుట్టూ ఉన్న గాడుల్లోకి ఎక్కాలి. మైనం ఎక్కని తూటా తుపాకీ గొట్టం లోపల సీసం పూసుకుంటూ పోతుంది. నాలుగైదు పేలాక గొట్టం గరుకెక్కి, ఆ తర్వాతది ఎటు పోతుందో దానికే తెలియదు.

ఇదేదీ తెలియని మొదటి ఏడాది నేనొక ఘనకార్యం చేశాను. షెడ్డు ఊడ్వమంటే వెళ్ళాను. పళ్ళెం నిండా జిడ్డోడుతున్న సీసం గుళ్ళు కనిపించాయి. జిడ్డు కనబడితే ఊరుకునే చెయ్యి కాదు నాది. గిన్నెలు తోమే సబ్బుతో, వేణ్నీళ్ళతో ఒక్కొక్కదాన్నీ తళతళలాడేలా కడిగి తెల్ల టవలు మీద ఎండబెట్టాను. సాయంత్రం అసర్ నమాజు చేసి వచ్చిన బాబా ఆ టవలును కాసేపు చూశాడు.

"బింతీ, వీటికి స్నానం చేయించావా?" అన్నాడు. బింతీ అంటే బిడ్డా అని.

"చాలా మురికిగా ఉన్నాయి బాబా," అన్నాను గర్వంగా.

కోప్పడలేదు. కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వాడు. ఆ సంగతి ఊరంతా చెప్పుకున్నాడు. తూటాలు కడిగిన మనిషి అనే పేరు నాకు స్థిరపడిపోయింది. కానీ మర్నాడే నన్ను ప్రెస్సు ముందు కూర్చోబెట్టాడు. ఇంత ఓపికగా కడిగిన చేతులు ఇంతే ఓపికగా మైనం కూడా పట్టిస్తాయన్నాడు. ఆయన చేతులు అప్పటికే వణికేవి. అలా నేను ఆయన చేతులయ్యాను. ఒక ఇంటి పెద్ద, కడిగి చెడగొట్టిన పనిమనిషికే పని నేర్పాడంటే, ఆ మేలు మరిచేదాన్ని కాదు.

మైనం మాత్రం మామా చేసేది. కొండతేనె తీశాక మిగిలిన మైనంలో మేక కొవ్వు వేసి, బిస్మిల్లా అంటూ సన్న సెగ మీద కలిపేది. పచ్చగా, మెత్తగా, తేనె వాసనతో ఉండేది. ఆమె పోయాక అదే పద్ధతిలో నేను చేస్తూ వచ్చాను. ఆమె చేత్తో చేసినది చివరి డబ్బా ఒకటి మిగిలింది. దాన్ని బాబా వాడనివ్వలేదు. చెక్కపెట్టెలో పెట్టి, తాళంచెవి నడుము బెల్టుకు కట్టుకున్నాడు.

ఇదంతా ఇలా నడుస్తుండగా, ఆయన కొడుకు కొత్త మైనం తెచ్చాడు. ఆ అబ్బాయి రాజధాని వైపు అజైబాలో ఆఫీసు ఉద్యోగం చేస్తూ వారం చివర ఇంటికి వచ్చేవాడు. పనివాళ్ళం ఆయన్ని అర్బాబ్, అంటే యజమాని, అనేవాళ్ళం. చెడ్డవాడని నేను ఎక్కడా చెప్పను. జ్వరమొస్తే తనే ఆసుపత్రికి తీసుకెళ్ళిన మనిషి. కాకపోతే మాట ఏమిటన్నది తర్వాత, మాట్లాడేది ఎవరన్నది ముందు చూసుకునే రకం. ఆయన తెచ్చినవి ఎర్రటి గట్టి కడ్డీలు, వాటితో పాటు ప్రెస్సు కింద పెట్టే కరెంటు పళ్ళెం. ఎర్రది వేడి తగిలితేనే కదులుతుంది. పచ్చది ఆ వేడికి పులుసైపోయి, గాడుల్లో నిలవకుండా కారిపోతుంది. రెండూ కలవకూడదు, పాతది ఒక్క చుక్క మిగలకూడదు అని ఆయనే నాకు విడమరిచి చెప్పాడు. ఆ మాట నిజం. ఆ చదువు కూడా ఆయన పుణ్యమే.

ప్రెస్సు శుభ్రం చేయడానికి నాకు రెండు రోజులు పట్టింది. వేణ్నీళ్ళు, గుడ్డపేలికలు, సందుల్లోకి సూది. నేను చేసిన పచ్చ మైనమంతా బకెట్లో వేస్తే డ్రైవరు తీసుకెళ్ళి పారేశాడు. డ్రైవరు కరీంనగర్ వైపు మనిషి. ఆ ఇంట్లో నాతో తెలుగు మాట్లాడే ప్రాణి ఆయనొక్కడే.

పోటీకి వారం ముందు శుక్రవారం రెండు ఊళ్ళ పెద్దల ముందు గురి చూసుకోవడం ఆనవాయితీ. అర్బాబ్ ఆ వారం సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాడు. బుధవారం నేను సగం తూటాలు ఎర్ర మైనంతో నొక్కాను. గురువారం పొద్దున విందు సామాను కోసం డ్రైవరుతో నిజ్వా బజారుకు, అక్కడ సూక్ అంటారు, వెళ్ళాను. మధ్యాహ్నం వచ్చి చూస్తే మిగిలిన సగం కూడా నొక్కేసి పళ్ళెంలో ఉన్నాయి. అర్బాబ్ చేశాడనుకున్నాను. పళ్ళెం అంచున పాలిపోయిన జిడ్డు మరక ఒకటి కనిపించింది. మరక కనబడితే పనిమనిషి చెయ్యి తలను అడగదు. కొంగుతో తుడిచేసి, అన్నీ ఒకే పెట్టెలో సర్దేశాను. ఆగి ఆ మరకను వాసన చూసి ఉంటే ఈ కథే ఉండేది కాదు. ఆ తప్పు నాది, ఇంకెవరి మీదా వేయను.

శుక్రవారం జుమా నమాజు అయ్యాక అందరూ మైదానానికి చేరారు, కాఫీ పోయడానికి నేనూ వెళ్ళాను. బాబా తుపాకీని ఇసుక మూట మీద ఆనించి, మొదటి కాసిని గుళ్ళు గురి పలక మధ్యలోనే పెట్టాడు. తర్వాతివి పక్కకు జరిగాయి. ఇంకాసేపటికి పలకకే తగలడం మానేశాయి. ఒకటి ఎక్కడో రాతికి తగిలి కూసింది. గొట్టంలోకి గుడ్డ చుట్టిన చువ్వ దూర్చి తీస్తే గుడ్డకు సీసం రేకులు మెరుస్తూ అంటుకొచ్చాయి. పక్క ఊరి పెద్ద ఒకాయన గడ్డం నిమురుకుంటూ, ఏం, మీ ఇంట్లో తూటాలు మళ్ళీ స్నానం చేశాయా అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వుకు నేనూ తల దించుకుని నవ్వేదాన్నే. పాత పరాచికమే కదా.

అర్బాబ్ నవ్వలేదు.

"ఇంకెవరు, ఈమే కడిగి ఉంటుంది," అన్నాడు అందరికీ వినబడేలా. "పాడుచేయడం ఈమెకు కొత్త కాదు. వీసా క్యాన్సిల్ చేసి ఈ వారమే పంపించేస్తాను."

నేను బాబా వైపు చూశాను. నేను మళ్ళీ కడిగేదాన్ని కానని ఆయనకు తెలుసు. ఆయన తన చెప్పుల వైపు చూసుకుంటున్నాడు. కొడుకు మాట కన్నా ఆ మౌనమే నాకు ఎక్కువ తగిలింది.

మగవాళ్ళ మజ్లిస్‌లో నేను అప్పటిదాకా పెదవి విప్పలేదు. ఆ రోజు విప్పాను. "నేను కడగలేదు బాబా. సగం తూటాలు నేను ఇంట్లో లేనప్పుడు నొక్కారు. ఆ పని మీ అబ్బాయిది. ఆయన్నే అడగండి," అన్నాను ఉర్దూలో. సగం మందికి అర్థమైంది. మిగిలిన సగానికి వాళ్ళు చెప్పారు.

ఇంటికి వస్తుంటే బండిలో డ్రైవరు నాకు క్లాసు పీకాడు. "ఎందుకక్కా పెద్దోళ్ళ మధ్యల? సారీ అంటే అయిపాయె. నాలుగు రోజుల్ల అందరు మర్చిపోతరు."

"చెయ్యని పనికి సారీ చెప్తే చేసినట్టే కదన్నా."

"నీ డ్యూటీ పోతది, చూస్కో."

"పోనీ. ఈ ఊర్లో ప్రతి ఇంట్లో మన ఆడోళ్ళు పనిలో ఉండారు. రేపు యాడ ఏం చెడినా పనిమనిషే కడిగిందంటారు. ఈ పేరు నెత్తిన పెట్టుకోని నేను విమానం ఎక్కను."

"నువ్వు నా మాట ఎప్పుడిన్నవ్ గనుక," అని స్టీరింగ్‌తో చెప్పుకున్నాడు. కానీ బండి దిగేటప్పుడు, అవసరమైతే బకెట్ పారబోసిన సంగతి తాను చెప్తానన్నాడు. ఆ మాటకు ఇప్పటికీ ఆయన కోసం దువా చేస్తాను. ఆయనకూ పోయే డ్యూటీ ఉంది మరి.

దిగి వంటింట్లోకి వెళ్ళలేదు. తిన్నగా షెడ్డుకు వెళ్ళాను. తండ్రీకొడుకులు గొట్టం శుభ్రం చేస్తున్నారు.

"అర్బాబ్, ప్రెస్సు విప్పండి," అన్నాను. "మీ చేత్తోనే విప్పండి. నేను ముట్టుకున్నానని తర్వాత ఎవరూ అనకూడదు."

ఇష్టం లేకపోయినా విప్పాడు. నేను మూడడుగుల దూరంలో చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. లోపల అడుగున ఎర్రది, పైన పచ్చది, మధ్యలో రెండూ కలిసి వండిన గుమ్మడికాయ రంగులో ముద్ద.

"చూశావా, నీ మైనమే," అన్నాడు.

"నా మైనం మీరు చెప్పిన రోజే బకెట్లో పోయింది. పారేసిన మనిషి బయటే ఉన్నాడు, పిలవండి. ఈ ఇంట్లో పచ్చ మైనం మిగిలింది ఒక్కచోటే." చెక్కపెట్టె వైపు చూశాను. అర్బాబ్ కూడా చూశాడు. తర్వాత మా ఇద్దరి చూపూ బాబా బెల్టు మీదికి వెళ్ళింది.

బాబాకు వణికే వేళ్ళతో తాళంచెవి ముడి విప్పడానికి చాలా సేపు పట్టింది. సాయం చేద్దామని చెయ్యి ముందుకు పోయింది, ఆపుకున్నాను. తాళంచెవి తీసి ప్రెస్సు పక్కన పెట్టాడు.

"ఎర్రది అయిపోవచ్చింది," అన్నాడు. "నువ్వు సూక్‌కు వెళ్ళావు, వీడు పడుకున్నాడు. ఆమె చేసింది ఉంది కదా, కొంచెం వేశాను. ఆమె మైనం నా తుపాకీని ఎన్నడూ మోసం చేయలేదు."

వేడి సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. కొడుకు నాకు చెప్పాడు, నేను నా దగ్గరే పెట్టుకున్నాను. ముప్ఫై ఏళ్ళుగా పోతపోసే మనిషికి మైనం గురించి చెప్పాలని మా ఇద్దరికీ తోచలేదు.

"అక్కడ ఎందుకు చెప్పలేదు బాబా?" అని అడిగాను.

"అనుమానం వచ్చింది బింతీ. అంతమంది ముందు నోరు రాలేదు."

ఆయన మీద కోపం నిలవలేదు. భార్య చేతి మైనాన్ని ఆఖరిసారి వాడుకోబోయి భంగపడిన మనిషిని ఏమంటాం. కానీ జాలి వేరు, లెక్క వేరు. నా మీద పడిన మాట ఇంకా మైదానంలోనే ఉంది.

అర్బాబ్ చేతులు తుడుచుకుంటూ, సరే అయిపోయింది, పంపించే మాట మర్చిపో అన్నాడు. సాయంత్రం పైన వేసుకునే కొత్త అబాయా ఒకటి కవర్లో పెట్టి పంపాడు. మంచి గుడ్డ. తిరిగి తీసుకెళ్ళి ఇచ్చాను.

"అన్నది అందరి ముందు అర్బాబ్. ఆ మాట వెనక్కి తీసుకోవడమూ అందరి ముందే ఉండాలి."

"పనిమనిషికి నేను ఊరి ముందు క్షమాపణ చెప్పాలా?"

"క్షమాపణ అడగలేదు. నిజం చెప్పండి చాలు."

ఆయన తలుపు వేసుకున్నాడు. నేను ఆ వారం ప్రెస్సు ముందు కూర్చోలేదు. వంట ఆపలేదు. ఉప్పు తిన్న ఇంట్లో పొయ్యి ఆర్పే పని మా అమ్మీ నేర్పలేదు. మూడు పూటలా అన్నం పెట్టాను, బాబాకు మందులిచ్చాను, షెడ్డు గుమ్మం మాత్రం తొక్కలేదు. పోటీ తూటాలు అర్బాబ్ కొత్త కడ్డీలు తెప్పించి తనే నొక్కుకున్నాడు. వంకర పోయినవాటిని బాబా మళ్ళీ కరిగిస్తుంటే కిటికీలోంచి చూస్తూ ఉల్లిపాయలు తరిగాను. పాపం, ఎర్ర మైనం ఆయన అరచేతులకు వారమంతా వదల్లేదు. లోపల నవ్వుకున్నానని ఒప్పుకుంటున్నాను. అల్లా మన్నించుగాక.

అదే వారం నాకు ఇంకో పాఠం కూడా అయింది. తెల్లవారుజామున ఫజర్ నమాజులో, సజ్దాలో నేలకు తల ఆనించినప్పుడు నా మాటే నాకు తగిలింది. మీ అబ్బాయి చేశాడని నేనూ అంతమంది ముందు అన్నాను కదా. కళ్ళతో చూశానా? చూడలేదు. ఆయన నన్ను ఎలా అన్నాడో నేనూ ఆయన్ని అలాగే అన్నాను. పిల్లలూ, మీ మీద నింద పడినప్పుడు అది దులిపే తొందరలో దాన్ని పక్కవాడి మీద వేయకండి. నేను వేశాను. అది ఒప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. ఒప్పుకున్నంత మాత్రాన నా మాట నేను వదులుకోవాలనీ లేదు.

ఆ తర్వాత ఆరేళ్ళు ఆ ఇంట్లోనే చేశాను, బాబా కన్ను మూసేదాకా. పోటీ సంగతి అడుగుతారేమో, ఆ ఏడు మేం ఓడిపోయాం. ఎర్ర మైనం మంచిదే. చేతులే కొత్తవి. అయితే నాకు ఆ రోజు గుర్తున్నది గురి కాదు.

పోటీ శుక్రవారం మైదానంలో రెండు ఊళ్ళవాళ్ళూ చాపల మీద కూర్చున్నారు. దల్లాతో కాఫీ నేనే తేవాలి. ఇత్తడి కాఫీకూజాను దల్లా అంటారు. తెచ్చాను. పోయకుండా చాప అంచున కింద పెట్టాను. నాకు వచ్చిన అరబ్బీలో కొంత, ఉర్దూలో కొంత కలిపి చెప్పాను.

"పోయిన శుక్రవారం నేను ఇక్కడ అర్బాబ్ పేరు చెప్పాను. చూడకుండా చెప్పాను. ఆ తప్పు ఆయన చేయలేదు. అల్లా ముందు, మీ ముందు నా మాట నేను వెనక్కి తీసుకుంటున్నాను."

పక్క ఊరి పెద్దాయన ఖాళీ కప్పు చేతిలో పట్టుకుని నన్నూ దల్లానూ మార్చి మార్చి చూశాడు. వెనకాల బండి దగ్గర డ్రైవరు తల పట్టుకోవడం తెలుస్తూనే ఉంది. నేను కదల్లేదు. బాబా చెయ్యెత్తాడు.

"రెండు మైనాలు కలిపింది నేను," అన్నాడు. "పోయిన వారమే చెప్పాల్సింది."

అందరి చూపూ అర్బాబ్ మీదికి మళ్ళింది. ఆయన చాపలో పుల్ల పీకుతూ కూర్చున్నాడు. ఎండ ఎక్కుతోంది. కాఫీ చల్లారుతోంది.

"ఈమె కడగలేదు," అన్నాడు చివరికి, పుల్ల వైపే చూస్తూ.

"ఇంకో సగం ఉంది అర్బాబ్," అన్నాను.

"ఏం సగం?"

"నేను చెప్పిన మాటలోనే ఉంది."

తండ్రి వైపు చూశాడు. బాబా ఈసారి చెప్పులు చూసుకోలేదు, సూటిగా కొడుకునే చూస్తున్నాడు. అర్బాబ్ పుల్ల పారేసి తలెత్తాడు.

"చూడకుండా అన్నాను," అన్నాడు.

అప్పుడు దల్లా ఎత్తాను.